మా వాడ గ్యాసత్త

గ్యాసత్త పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కార్ఖానాలో బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కత్తిరిస్తున్నాను.

“పొద్దుగాల్ల బర్రెలకు పాలు పిండింది. చాయ్ తాగింది. జర నడుము వాలుస్త అన్నది. గంతే, మళ్ళ లేవలే,” అంది అమ్మ.

అమ్మ గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఇన్నేళ్ళు తనతో పోట్లాడిన మనిషి చెప్పాపెట్టకుండా పోట్లాట మానేస్తే వచ్చే కోపం అది.

హోట్గి రోడ్‌లో ఆటో ఎక్కి, మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు బయలుదేరాను. దారిలో ఏడుపు రావాలి. వచ్చింది మాత్రం నవ్వు. ఆటో అతను అద్దంలోంచి మాటిమాటికీ నా వంక అనుమానంగా చూశాడు.

ఆమెకు అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ఓట్లప్పుడు బూత్‌లో ఆఫీసరు ఆ పేరు గట్టిగా చదివితే, వరసలో ముందు నిలబడి ఉన్న ఆమె ‘ఎవరబ్బా ఈమె?’ అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. పక్కనున్న ఆమె భర్త, మా మామ, మోచేత్తో పొడిచాడు. “ఓహో, నేనేనా? ఎన్నడు పిల్వరు గద, యాద్ లేదు,” అంది. బూత్ అంతా నవ్వింది. ఇంటికి వచ్చేసరికి ఆ పేరు నేనూ మరిచిపోయాను.

మేము మొదట పెండత్త అనేవాళ్ళం. పేడను మా వాళ్ళు పెండ అంటారు. తర్వాత గ్యాసత్త అయింది. పెండత్త గ్యాసత్త ఎలా అయిందో నాకు బాగా తెలుసు. ఆమె ఏ ఊళ్ళో పుట్టిందో, షోలాపూర్‌కు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఆమెను ఆ సంగతులు అడగాలని ఎవరికీ తోచేది కాదు. ఆమె ఎదురుగా ఉంటే మన ప్రశ్నలకు చోటెక్కడిది!

పొట్టి మనిషి. చీర ఎప్పుడూ మోకాళ్ళ దాకా ఎగదోపి ఉండేది. చేతులు మోచేతుల వరకు ఆకుపచ్చగా ఉండేవి, ఎంత రుద్దినా ఆ రంగు పోయేది కాదు. మాట్లాడుతూ ఆ చేతులు గాలిలో తిప్పేది. అందుకని ఎదుటివాళ్ళు కాస్త వెనక్కి జరిగి నిలబడి మాట్లాడేవాళ్ళు. అది తన మీద గౌరవం అనుకునేది.

సిటీ బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. ఒకసారి నేను కొంతం చౌక్‌కు పోతుంటే, కాలు పెట్టే చోటు లేని బస్సులో కిటికీ పక్కన ఒక్కతే మహారాణిలా కూర్చుని కనిపించింది. నన్ను చూసి పక్క సీటును అరచేత్తో తట్టింది. “రా బిడ్డా, కూసో. పెండ పుణ్యాన నాకు ఎన్నడు సీటు కరువు కాలే.” కూర్చున్నాను. కొంతం చౌక్ వచ్చేదాకా బస్సు బస్సంతా మా ఇద్దరి నుంచి ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

తెల్లవారగానే కొట్టంలో ఒక్కో బర్రె వెనక్కి పోయి, పేడను వైద్యుడు నాడి పట్టుకున్నంత శ్రద్ధగా చూసేది. కాలి బొటనవేలితో కొంచెం కదిపేది. ముక్కు ఎగబీల్చేది. తర్వాత వాడంతా వినపడేలా, “దీనికి నిన్న ఎవలో పెండ్లి పులావ్ పెట్టిండ్రు. ఎవలుల్లా?” అని అరిచేది. ఎక్కడో ఒక తలుపు మెల్లగా మూసుకునేది. “మనిషి నోటితోని అబద్ధం చెప్తడు గని, బర్రె వెనకకెళ్ళి అబద్ధం చెప్పది” అనేది.

మామ పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు. ఎప్పుడూ రాత్రి పాళీయే. పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. భార్య అన్నదాంట్లో సగమే వినపడేది. “అందుకే మా కాపురం సల్లగున్నది,” అని ఆమే అందరికీ చెప్పేది. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, “ఇంతమంది కోడండ్లున్నరు, సాలరా?” అని బర్రెలను చూపించేది.

మా ఇల్లు ఆమె ఇంటికి సరిగ్గా ఎదురు. మా అమ్మ గడపలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఎదురుగా, కొట్టం పక్కన పేడగుంత. అమ్మకు ఆ వాసన అసలు పడేది కాదు.

“పొగాకు ఒళ్ళె పెట్టుకొని కూసున్నదానివి, నీకు నా పెండ వాసన యాడ తగిలె వదినె?” అనేది గ్యాసత్త.

“పొగాకు నా పని. నీ పెండ గూడ నా పనేనా?” అనేది అమ్మ.

ఇది రోజూ జరిగే సంభాషణ. ఇద్దరికీ ఇది లేకపోతే చాయ్ దిగేది కాదు.

ఒక వానాకాలం మాత్రం ఇది హద్దు దాటింది. గుంత నిండి పొర్లింది. ఆకుపచ్చటి నీళ్ళు గల్లీ దాటి, మా గడప ఎక్కి, అమ్మ తడిపి కట్ట కట్టిన తునికాకుల కిందికి వచ్చాయి. అమ్మ ఆ పాడైన ఆకుల కట్ట తీసుకుపోయి గ్యాసత్త గడపలో పెట్టి వచ్చింది. సాయంత్రం వాడ పెద్దలు కూర్చున్నారు. ఈగలు, దోమలు, మూసుకుపోయిన గటారు కాలువ, అన్నీ బయటికి వచ్చాయి. దసరా లోపల బర్రెలను ఎక్కడికైనా తోలెయ్యాలి, లేదంటే మునిసిపాలిటీకి అర్జీ పెడతాం అన్నారు.

ఆమె లేచి లోపలికి పోయింది. మర్నాడంతా కొట్టంలో ముసలి బర్రెకు వీపు ఆనించి కూర్చుంది. గల్లీలో ఆమె గొంతు లేదు. పవర్‌లూమ్‌ల ఖట్‌ఖట్ ఒక్కటే వినపడుతోంది. అమ్మ బీడీలు చుడుతూ చుడుతూ తల ఎత్తి చూసేది. చివరికి నాతో, “పోయి సూసి రా. బత్కున్నదో లేదో,” అంది. పోయి చూశాను. బర్రె మెడ నిమురుతూ ఉంది. నన్ను చూసి, “దీనికి నేను తప్ప ఎవలు ఎర్క లేరు బిడ్డా. కొన్నోడు దీని బొడ్డుకాడ గీకుతడా? గీకకుంటే ఇది పాలియ్యది,” అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడగా అంతకు ముందు వినలేదు.

అదే నెలలో ఒక మరాఠీ మేడం వచ్చింది. పాడి ఉన్న ఇళ్ళకు తిరిగి పేడతో గ్యాసు చేయించే సంస్థలో ఇంజినీరు. చిన్న వయసు. జీన్స్ ప్యాంటుతో గుంత పక్కన గొంతుక్కూర్చుని, పైకి లేస్తున్న బుడగలు చూపించింది. నీళ్ళలో గాలి తగలకుండా కుళ్ళే పేడ నుంచి ఒక వాయువు పుడుతుందని, అది పైకి పోయి భూమిని వేడెక్కిస్తుందని, పొగ కంటే ఎన్నో రెట్లు చెరుపు చేస్తుందని చెప్పింది. అదే వాయువును సంచిలో పట్టుకుంటే పొయ్యి వెలుగుతుంది. మిగిలిన పేడనీళ్ళు పొలానికి ఎరువు. వాటికి వాసనా ఉండదు, ఈగలూ రావు.

గ్యాసత్త ఆ బుడగలను చాలాసేపు చూసింది.

“అంటే ఇన్నేండ్లు నా బర్రెలు ఆకాశానికి వండిపెట్టినయా?” అని తెలుగులో అడిగింది. నేను మరాఠీలో చెప్పాను. మేడం నవ్వి, “హో మావశీ,” అంది, అవును పిన్నీ అన్నట్టు.

“బస్ ఝాలా, ఇగ సాలు. నా ఇంట్ల వండమను.”

మందమైన నల్లటి సంచి తెచ్చి కొట్టం వెనక పరిచారు. ఒక కొసన పేడ, నీళ్ళు సమానంగా కలిపి పోసే తొట్టి. ఇంకో కొసన ఎరువు బయటికి వచ్చే గొట్టం. మీది నుంచి పొయ్యికి పైపు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి అని మేడం చెప్పింది. ఓపిక అన్నది గ్యాసత్త ఇంట్లో లేని వస్తువు. గడియకోసారి పోయి సంచి తట్టేది. అది కొంచెం ఉబ్బిన రోజున గల్లీలోకి వచ్చి, “నెల తప్పిందుల్లా!” అని ప్రకటించింది. చూలాలికి ఎండ తగలకూడదని, మామ మగ్గం మీద చెడిపోయిన నెమలి బొమ్మల చద్దరు తెచ్చి సంచి మీద కప్పింది.

మొదటిసారి పొయ్యి ముట్టించడానికి వాడంతా వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. అగ్గిపుల్ల గీసింది, ఆరిపోయింది. ఇంకోటి గీసింది, అదీ ఆరింది. అగ్గిపెట్టె ఖాళీ అయింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మ. మొదట వచ్చే గ్యాసు మండదని, దాన్ని వదిలేసి మళ్ళీ నిండనివ్వాలని మేడం ముందే చెప్పిందట. ఆ ముక్క ఆమె వినలేదు.

కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం మళ్ళీ పుల్ల గీసింది. వాకిట్లో ఎండ. నీలం మంట ఎండలో కనపడలేదు. ‘ఇది గూడ పాయె’ అనుకుని పొయ్యి మీద చెయ్యి పెట్టింది. మరుక్షణం వాడంతా ఉలిక్కిపడేలా కేక.

“కాలింది! ఓ వదినె, కాలింది! చెయ్యి కాలింది!”

వేలు నోట్లో పెట్టుకుని చిందులేసింది. చెయ్యి కాలినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆనాటి నుంచి ఆమె గ్యాసత్త. గుంతను మట్టితో పూడ్చేశారు. ఈగలు తగ్గాయి. ఎరువు నీళ్ళను ఒక దానిమ్మ తోట రైతు డ్రమ్ముల్లో తీసుకుపోయేవాడు. వాడలో ఆడవాళ్ళు కరివేపాకు చెట్టుకని బకెట్లతో వచ్చేవాళ్ళు. దసరా వచ్చింది, పోయింది. బర్రెల మాట ఎవరూ ఎత్తలేదు.

వంట మధ్యలో మంట తగ్గితే సంచి మీద బరువు పెట్టాలి. ఆమె తన దగ్గర ఉన్న బరువును పెట్టింది, అంటే మామను. రాత్రి పాళీ చేసి వచ్చిన మామ నెమలి చద్దరు మీద పడుకుంటే పొయ్యి మీద మంట ఎగిసేది. జొన్నరొట్టె పొంగేది. “ఇటు బొర్లు!” అని లోపలి నుంచి అరిచేది. మామ నిద్రలోనే బొర్లేవాడు. మేడం ఒకరోజు చూసి తల పట్టుకుంది. సంచి చిరిగితే ప్రమాదమని, మనిషి వద్దు, ఇసుక సంచులు పెట్టమని తిట్టింది. మామకు మాత్రం బాధ కలిగింది. “మగ్గం మీద ఇంత పని జేసిన. నా నిద్రకు కిమ్మత్ వచ్చింది ఇప్పుడే,” అన్నాడు. ఆయన నోట నేను విన్న పొడుగాటి మాట అదే.

ఆ మరుసటి ఏడు బతుకమ్మ రోజుల్లో గ్యాసు ఆగిపోయింది. సంచి అణిగిపోయింది. గ్యాసత్త ఆలోచించి కారణం కనిపెట్టింది. ఎదురింటి వదినె కళ్ళు. రోజూ సాయంత్రం ఉప్పు, మిరపకాయలు పట్టుకుని సంచికి దిష్టి తీసి, మా గడప వైపు తిరిగి “థూ” అనేది. అమ్మ ఊరుకుంటుందా? తనూ మిరపకాయలు తెచ్చి నాకు దిష్టి తీసి అటు వైపు “థూ” అనేది. మధ్యలో నడిచేవాళ్ళు తుమ్ములతో చచ్చారు.

మేడం వచ్చి తొట్టి మీదికి వంగి వాసన చూసింది. “మావశీ, ఫినాయిల్ పోశావా?” పండగకని కొట్టమంతా ఫినాయిల్‌తో కడిగి, ఆ నీళ్ళే తొట్టిలో పోసింది గ్యాసత్త. కంటికి కనపడని ప్రాణులు లోపల ఉంటాయి, పేడను గ్యాసుగా మార్చేది అవేనని, ఫినాయిల్ వాటిని చంపిందని మేడం చెప్పింది. గ్యాసత్త గుండె మీద చెయ్యి పెట్టుకుంది. “అయ్యో, పండుగ పూట నేనే విషం పెట్టిననా?”

సంచి కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. కోలుకున్నాక ఆమె నేరుగా మా గడప ముందుకు వచ్చి, నలుగురూ వినేలా అంది: “వదినె, దిష్టి నీది గాదు. ఫినాయిల్‌ది. తప్పయింది.” అని ఊరుకోలేదు. ఇద్దరు మనుషులను పెట్టి గల్లీ కింద నుంచి మా వంటింటికి ఒక పైపు వేయించింది. అమ్మ అడ్డం నిలబడింది.

“పెండ మీద వండిన బువ్వ తినాల్నా నేను?”

“తినకు. ఇంట్ల ఉండనియ్. నీ పొయ్యి మండుతే నీ కండ్లు మండవు.”

అమ్మ ఆ పొయ్యి వైపు చూడను కూడా చూడలేదు. తర్వాత ఒక ఆదివారం అన్నం సగం ఉడికి ఉండగా మా సిలిండర్ అయిపోయింది. అమ్మ తలుపు దగ్గరికి వేసింది. కిటికీ మూసింది. చప్పుడు కాకుండా ఆ పొయ్యి ముట్టించింది. నీలం మంట. అన్నం కుతకుత ఉడికింది. “ఎవలకు చెప్పకు,” అని నా వైపు వేలు చూపించింది. అప్పుడే గల్లీ అవతల నుంచి కేక వినపడింది.

“సంచి దిగుతున్నది! నా పొయ్యి బంద్ ఉన్నది, సంచి దిగుతున్నది! వదినె ముట్టించిందుల్లో!”

వాడంతా చప్పట్లు కొట్టింది. అమ్మ రోజంతా బయటికి రాలేదు. కాని మర్నాటి నుంచి పొయ్యి కిటికీ తెరిచే వెలిగింది.

నాతో ఆమెకు ఒక ఉదంతం ఉంది. అప్పటికి నేను కొత్తగా కార్ఖానాలో చేరాను. ఒకరోజు గుడ్డ తప్పు కత్తిరించానని మేస్త్రీ అందరి ముందు నానా మాటలన్నాడు. తప్పు నాది కాదు, గీత గీసిన అతనిదే. నేను నోరెత్తలేదు. పని మానేస్తానని ఇంటికి వచ్చాను. లోపలికి పోతే అమ్మ అడుగుతుంది కదా అని కొట్టం దగ్గరికి పోయి నిలబడ్డాను. గ్యాసత్త నా ముఖం చూసింది. ఏమైందని అడగలేదు. పేడ తొట్టి చూపించింది.

“కలుపు.”

మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపాను. గోరువెచ్చగా ఉంది.

“గడ్డలు లేకుంట కలుపు. గడ్డలుంటే లోపల పని జేయది. వేళ్ళతోని పిసుకు.”

పిసుకుతుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

“ఏడ్వు, ఏడ్వు. ఎట్లయినా నీళ్ళు కలపాల్సిందే,” అంది.

ఏడుస్తూనే నవ్వాను. తొట్టి అంతా కలిపాక, “ఇగ చెప్పు, ఎవనివి ఆ గడ్డలు?” అంది. చెప్పాను. “రేపు పోయి గిట్లనే చెప్పు ఆనికి. సప్పుడు చేయకుంట ఉంటే లోపల కుళ్ళుతది గని, ఎవనికి తెలుస్తది?” అంది. మర్నాడు పోయి అందరి ముందే చెప్పాను. మేస్త్రీ గీత గీసిన అతని వైపు తిరిగాడు. ఇప్పటికీ అదే కార్ఖానాలో ఉన్నాను.

ఆటో దిగేసరికి పాడె కడుతున్నారు. ఆమె చేతులు పసుపుతో కడిగారు. ఆకుపచ్చ అప్పటికీ పోలేదు. మామ ఎవరు ఏమన్నా వినపడనట్టు కూర్చున్నాడు. నిజంగానే వినపడలేదేమో. సాయంత్రానికి దహనం అయింది.

చావింట్లో మూడో రోజు దాకా పొయ్యి వెలిగించకూడదు. వాడవాళ్ళు అన్నం పంపారు. మామ ముట్టలేదు. కాని బర్రెలకు ఈ నియమాలు ఏం తెలుసు? వాటి పని అవి చేశాయి. గల్లీలో గుట్ట పడకూడదని అమ్మే చీర ఎగదోపి, తిట్టుకుంటూ, పేడ కలిపి తొట్టిలో పోసింది. మర్నాటికి సంచి డోలులా బిగిసింది. ఎక్కువైన గ్యాసు పోవడానికి పైపుకు కట్టిన నీళ్ళ సీసాలోంచి అది బుడబుడమని బయటికి పోసాగింది. పరామర్శకు వచ్చిన మేడం ఆ చప్పుడు విని ఆగిపోయింది. “ఇలా వదిలేయకండి, కాల్చేయాలి,” అంది మెల్లగా.

“చావింట్ల పొయ్యి ముట్టియ్యొద్దు,” అన్నాడు ఒక పెద్దాయన. “పోనియ్యండ్రి. జర్రంత గాలి పోతే ఏమాయె?”

అప్పుడు మామ తల ఎత్తాడు. “ఆమె ఉంటే పోనిచ్చేదా?” అన్నాడు.

అమ్మ లేచింది.

“పొయ్యి వద్దన్నది ఈ ఇంట్ల. నా ఇంట్ల చావు కాలే గద,” అని, పైపు దగ్గర వంగి మా ఇంటి వైపు గ్యాసు తిప్పింది. గల్లీ దాటి పోతూ నన్ను పిలిచింది. “పెద్ద గంజు తీయే. బియ్యం కడుగు.”

ఆ పొయ్యి మీద అంత మంట నేను ఎప్పుడూ చూడలేదు. అన్నం ఒక గంజు దిగింది, ఇంకోటి ఎక్కింది. పప్పు ఉడికింది. అమ్మ గరిటె తిప్పుతూ, మంటతోనే మాట్లాడుతోంది. “సచ్చినంక గూడ కూసోనియ్యవు గదనే. ఇంత మందికి నువ్వే వండిపెడ్తివా? ఆఁ? నువ్వే పెడ్తివా?” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అటు తిరిగి ఉల్లిపాయలు కోశాను.

వచ్చినవాళ్ళంతా గల్లీలో వరసగా కూర్చున్నారు. పెద్దాయన మొదటి ముద్ద కలుపుతూ, “ఎవరింటి బువ్వ ఇది?” అని అడిగాడు. సూతకం పట్టింపు ఆయనది.

“వండింది నేను,” అంది అమ్మ. “పెట్టింది మా వదినె. తిను.”

ఆయన తిన్నాడు. అందరూ తిన్నారు. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మామ విస్తరి ముందు కూర్చున్నాడు. తర్వాత మెల్లగా కలుపుకున్నాడు. విస్తరి ఖాళీ చేసి తల ఎత్తి అమ్మ వైపు చూశాడు.

“ఇంకింత పెట్టు చెల్లే,” అన్నాడు.